తమ్మీ... జర దగ్గరికి పో!

'తమ్మీ... బాపు మొకం కనవడుతలేదురా. జర దగ్గరికి పో!'

దుబాయ్ నుంచో మస్కట్ నుంచో వీడియోకాల్‌లో అన్న అడుగుతుంటాడు. ఇక్కడ సెల్లు పట్టుకున్న తమ్ముడి చెయ్యి వణుకుతుంటుంది. చుట్టూ జనం, డప్పుల మోత, ఎదురుగా ఎండ. తెరమీద కనిపించేవి వీపులూ తలలే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎందరో. సెలవు దొరకక చావుకు రాలేని కొడుకుకు కడసారి చూపు దక్కేది ఆ అరచేతి తెరలోనే. అందుకే సెల్‌ఫోన్‌తో సరిగ్గా చూపించడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇక్కడ అది సరదా ఒక్కటే కాదు. మరి నేర్చుకునేదెక్కడ? దానికి కోనరావుపేటను మించిన బడి ఉండదేమో!

వేములవాడ రాజన్నను దర్శించుకుని పడమటి దారి పడితే వస్తుంది కోనరావుపేట. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఓ మండల కేంద్రం. వరి మళ్లు, రాళ్లగుట్టలు, మూలవాగు... చూడ్డానికి అన్ని ఊళ్లలాంటిదే. కానీ 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' సినిమా చిత్రీకరణ ఈ మండలంలోనే జరిగింది. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. కథంతా కొమురయ్య అనే ముసలాయన చావు చుట్టూ తిరుగుతుంది. పెట్టిన కూడు పిట్ట ముట్టదు, ఇంటిల్లిపాదికీ అదే దిగులు. ఛాయాగ్రాహకుడు ఆచార్య వేణుకు లాస్‌ఏంజెలెస్ సినిమాటోగ్రఫీ అవార్డు కూడా వచ్చింది. ఆ సినిమాను ఓసారి శబ్దం తీసేసి చూడండి. ఏడుపులు వినిపించనప్పుడు, కెమెరా మనిషికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడిందో తెలుస్తుంది. మొదటి పాఠం అదే.

రెండో పాఠానికి ఏ వాకిలైనా చాలు. ఈ ప్రాంతంలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అవ్వ ఏదో ఒక అరుగుమీద కనిపిస్తుంది. 'అవ్వా, ఓ వీడియో తీసుకుంటనే' అని ముందు అడగాలి. వద్దంటే ఆపెయ్యాలి. సరేనంటే వాకిలి బయట నుంచి మొదలు... దర్వాజ, అరుగు, పక్కన వేపచెట్టు, అందులో అవ్వ. ఇది లాంగ్‌షాట్. ఆమె ఎక్కడుందో చెబుతుంది. నాలుగడుగులు ముందుకేస్తే నడుము నుంచి పైకి, ఒళ్లో చాటతో సహా మిడ్‌షాట్. ఏం చేస్తోందో చెబుతుంది. ఇంకా దగ్గరికెళ్తే మొహం... క్లోజప్. చివరికి తునికాకును మడిచి దారం చుట్టే వేళ్లు మాత్రమే. అవ్వ వయసు అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ఇందులో జూమ్ ఊసే లేదు, గమనించారా? రెండు వేళ్లతో తెరను సాగదీస్తే చాలా ఫోన్లు ఉన్న బొమ్మనే పెద్దది చేసి చూపిస్తాయి, వివరం చెదిరిపోతుంది. జూమ్ చేసే బదులు నడవడమే మేలు. ఇంకోమాట. అవ్వ కింద కూచుంటే తీసేవాళ్లూ కింద కూచోవాలి. నిలబడి తీస్తే పాపం ఆమె చిన్నబోయినట్టు కనిపిస్తుంది. సెట్టింగుల్లో గ్రిడ్ పెట్టుకుంటే తెరమీద అడ్డం రెండు, నిలువు రెండు గీతలొస్తాయి. ఆమె కళ్లను పైగీత దగ్గర ఉంచి, ఆమె వీధివైపు చూస్తుంటే ఆ వైపు కాస్త ఖాళీ వదిలితే సరి.

సిరిసిల్ల మగ్గాల షెడ్డులో మాత్రం ఫోను తికమకపడుతుంది. పడుగు పోగులు బారులు తీరి చూపును నేరుగా కార్మికుడి దగ్గరికి లాక్కెళ్తాయి, ఫ్రేము అదిరిపోతుంది. కానీ పాత ట్యూబులైటు కింద వీడియోలో నల్లచారలు పాకుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్. లైటు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. ప్రో మోడ్‌లో షట్టరును 1/50కో 1/100కో మారిస్తే చారలు చాలావరకు పోతాయి. మగ్గాల మోతలో మాటలు మాత్రం వినబడవు, ముచ్చట బయటే పెట్టుకోవాలి.

మల్కపేట జలాశయం కట్టమీద మరో అభ్యాసం. కాళేశ్వరం పథకంలో భాగమైన మూడు టీఎంసీల రిజర్వాయర్ ఇది. సాయంత్రం పూట దూరంగా ఒక్క మనిషి నడిచి వెళ్తుంటే తీసి చూడండి. అతను చీమంత, నీళ్లు సముద్రమంత! నీటి అంచు ఏటవాలుగా రాకుండా గ్రిడ్ గీతతో సరిచూసుకోవాలి.

పెద్ద ఊరే అక్కర్లేదనడానికి పక్క జిల్లాలో రుజువుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టాడు. ఆ వాకిళ్లలోంచే గంగవ్వ 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది.

ఇక ఆ చావింటి తమ్ముడి సంగతి. లెన్సును అంగీతో తుడవాలి. ఎండను వీపువైపు ఉంచుకోవాలి. రెండు చేతులతో ఫోను పట్టి మోచేతులు పక్కటెముకలకు ఆనిస్తే వణుకు తగ్గుతుంది. ముందు పది సెకన్లు వాకిలంతా చూపించాలి. ఎవరెవరొచ్చారో అన్నకు తెలియాలి కదా. తర్వాత జనాన్ని 'జర జరుగుండ్రి కాకా' అని బతిమాలుకుంటూ బాపు దగ్గరికి నడవాలి. అక్కడ చెయ్యి కదపకూడదు. అన్న చాలనేదాకా ఆగాలి. ఏడుస్తున్న ఆడవాళ్ల మొహాల మీదికి మాత్రం ఫోను తీసుకెళ్లొద్దు, మిడ్‌షాట్ చాలు.

ఆఖర్న ఫోనును తిప్పి అమ్మకు అన్న మొహం చూపించాలి. ఆమె అప్పట్నుంచీ అటే చూస్తుంటుంది.