సేతువున కావల నొక వారము

మేము సింగపూరున కాపురముండి తొమ్మిదేండ్లు కావచ్చినది. మావారు ఇచ్చట నుపాధ్యాయులు. సెప్టెంబరున పాఠశాలలకు వారము దినములు సెలవు. స్వదేశమునకు పోవుటకు ధనమును దినములును చాలమిచే, ఈ యేడు మలేషియాలోని స్నేహితురాలి యింటికి బయలుదేరితిమి.

సింగపూరునకును జొహోరునకును నడుమ సముద్రపు పాయలో రాళ్లు పోసి కట్టిన సేతువు గలదు. 1924లో ప్రారంభోత్సవము జరిగినది. పొడవు కిలోమీటరునకు కొంచెము మించును. 1963 మొదలు 1965 వరకు ఈ రెండు తీరములును నొక్క దేశమే. నేడు ఈవల నొకసారి, ఆవల నొకసారి సరిహద్దు తనిఖీకి నిలువవలెను. వానరులు నూరు యోజనముల సేతువు నైదు దినములలో కట్టిరని వాల్మీకి చెప్పెను. ఈ కిలోమీటరు దాటుటకే మాకు మూడు గంటలు పట్టినది!

కౌలాలంపూరు చెంత బాటు గుహలు చూచితిమి. కుమారస్వామి విగ్రహము 140 అడుగులు, మెట్లు 272. కోతులు మావారి చేతిలోని యరటిపండ్లు లాగికొనిపోయినవి. తెలుక్ ఇంతాన్ అను నూర 1885లో కట్టిన గడియారపు గోపుర మొకటి యొక ప్రక్కకు వాలియున్నది. వెలుపలినుండి చూడ నెనిమిదంతస్తులు, లోపల మూడే.

మా స్నేహితురాలి యూరు బాగన్ దాతు. పేరా నది సముద్రమున కలియు చోటది. ఎటు చూచినను కొబ్బరితోటలే. ఆమె ముత్తాత విశాఖపట్టణపు ప్రాంతమునుండి తోటపనికి వచ్చినవాడట. అత్తగారైన మామ్మగారికి ఎనుబదేండ్లు. ఆమెకు తెలుగు, తమిళము, మలయుభాష వచ్చును. తెలుగక్షరము మాత్ర మొక్కటియు రాదు. సంతను "పాసారు" అనును. మలయుభాషలో మన సంస్కృతపు మాట లెన్నియో కలవు. భాషను బహాస యనియు, భూమిని బుమి యనియు, భార్యను ఇస్తెరి యనియు, భర్తను సువామి యనియు వ్యవహరింతురు. స్వామి శబ్దమును భర్త కిచ్చుట చూచి మావారు మిక్కిలి సంతసించిరి.

సింగపూరు బడులలో మాతృభాషగా చదువదగిన భాషలలో తెలుగు లేదు. పదునొకండేండ్ల మా యమ్మాయి తమిళము చదువుచున్నది. ఇంట మేము తెలుగున నడిగిన నింగ్లీషున బదులు చెప్పును. తొలి రెండు దినములు మామ్మగారితో తమిళమే మాటలాడినది. ఇరువురు తెలుగువారు తమిళమున ముచ్చటించుకొనుచుండ మా మనస్సు చివుక్కుమన్నది.

మూడవనాడు తోటలో పొడవైన గడకు కొడవలి కట్టి కాయలు దింపుచుండిరి. అమ్మాయి పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, బేగి రా! కాయలు రాలుతున్నాయి" అనెను. ఎవరును అడుగకయే అది పలికిన తొలి తెలుగు వాక్య మదియే. మేము చేసిన పని యేమనుకొన్నారు? "బేగి కాదమ్మా, వేగముగా ననవలెను" అని దిద్దితిమి! అది మరల సాయంకాలమువరకు తెలుగుమాట యెత్తలేదు. మావారు, "ఆ బేగి వేగమునుండి వచ్చినదే కదా" అని మాత్ర మనిరి. మామ్మగారు వినుచునే యుండిరి. "నానేటి తప్పు నేర్పినాను తల్లీ? మా యమ్మ కాడ నేర్చిందే" అనిరి. మేము బదులు చెప్పలేకపోయితిమి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా తండ్రిగారు మాకు భారతమును, వసుచరిత్రమును చెప్పించిరి. ఆ యింట పుస్తకమే లేకుండ నాలుగు తరములు తెలుగు నిలిచినది. మా యింట నొక్క తరములో జారిపోవుచున్నది.

మరునాడు వంటయింట మామ్మగారి చెంత కూర్చుండి, వారు చేట నేమందురు, గరిటె నేమందురని మేమే యడుగ మొదలిడితిమి. అమ్మాయి మొదట దూరముగా నిలుచుండి, పిమ్మట వచ్చి మా ప్రక్క కూర్చున్నది. మామ్మగారు దానిని "ఏటే గుంటా" యని పిలిచిన నది నవ్వును. మేము పిలిచిన నింగ్లీషే.

తిరిగివచ్చునపుడు ఆమె తాను పెట్టిన యావకాయ నొక సీసాడు కట్టియిచ్చిరి. ఇంటికి వచ్చి తిని చూచితిమి. ఆవపిండి కొంచెము తక్కువైనది. ఆదివారమునాడు టెలిఫోనులో మామ్మగారితో మాటలాడునపుడు ఆ సంగతి చెప్పలేదు.