డాక్టరు గారి బండి

హైదరాబాద్‌లో అమ్మకానికి వచ్చే పాత కార్లన్నీ దాదాపు డాక్టర్లవే. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ పోనివి. నయాపూల్ వంతెన మీద నిలబడితే మూసీకి ఇటు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనబడుతుంది కాబట్టి కాసేపు నమ్మబుద్ధి కూడా అవుతుంది. "సింగిల్ హ్యాండ్ సాబ్. ఇంజన్ మక్ఖన్. రూపాయి పని లేదు, తాళం తీస్కొని పోవుడే." ఈ మాటకు ఇరానీ చాయ్ తోడైతే బయానా ఇవ్వకుండా లేచి రావడం కష్టం. పాతబస్తీలో బేరం నోటిమాట మీద నడుస్తుంది. అందులో ఒక మర్యాద ఉంది, నాకది ఇష్టమే. కాకపోతే నోటిమాటకు రసీదు ఉండదు.

పదిహేను రోజులకు ఆ మక్ఖన్ ఇంజన్ నల్లటి పొగ వదిలితే, అటు ఒడ్డున ఉన్న హైకోర్టు వైపు చూపు పోతుంది. 1920లో ప్రారంభమైన ఆ ఎర్రరాతి భవనాన్ని చూసి, కోర్టు గొడవ మనకెందుకులే అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి వెళ్లాల్సింది అక్కడికి కాదు. నాంపల్లిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. బండికి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజే లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం కింద, డీలరు ఏ ఊళ్లో ఉన్నా కొన్నవాడు తానున్న చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనైనా సరే. గడువు రెండేళ్లు. ఇంత సులువు చేశాక కూడా కేసులు ఓడిపోతుంటాయంటే, కారణం చట్టంలో కంటే చాయ్ దగ్గరే ఎక్కువ ఉంటుంది.

డీలరు మొదట చెప్పే జవాబు అందరికీ తెలిసిందే: బండి నాది కాదు, నేను మధ్యవర్తిని, కమీషన్ తీసుకున్నానంతే. ఎన్నో ఏళ్లు ఈ మాట బాగానే చెల్లింది. ఆర్సీలో పాత ఓనరు పేరే ఉంటుంది, బదిలీకి వాడే ఫారం 29, 30 మీద తేదీ లేని సంతకాలు ఉంటాయి, బండి చేతులు మారుతూనే ఉంటుంది. 2018లో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం కట్టే బాధ్యత వారిదేనని చెప్పాక అమ్మినవాళ్లకు నిద్ర పట్టని రోజులొచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలరు ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలిపాక, అమ్మేదాకా అతన్నే యజమానిగా భావిస్తారు. ఆ పత్రం గోడ మీద ఉందా అని అడిగే కొనుగోలుదారుణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. మ్యూజిక్ సిస్టమ్ గురించి అడుగుతారు.

రెండో జవాబుకు పదును ఎక్కువ. "చూస్కున్నడు, నడిపిండు, నచ్చిందని సంతకం పెట్టిండు." డెలివరీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఆ వాక్యం ఉండనే ఉంటుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా, పరీక్షిస్తే బయటపడాల్సిన లోపానికి కొన్నవాడినే బాధ్యుణ్ణి చేస్తుంది. తలుపు మీది గీత సరే. తిప్పేసిన మీటరో? అది కంటికి కనబడే లోపం కాదు, చేసిన మోసం. కంపెనీ సర్వీసు సెంటర్‌లో ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు రాసి ఉంటాయి. రెండేళ్ల కిందట 90 వేలు చూపిన బండి ఇవాళ 45 వేలు చూపిస్తే ఆ చరిత్ర కాగితం ముందు డీలరు సంతకం పట్టుకుని ఎంతసేపని వాదిస్తాడు? నీళ్లలో మునిగిన బండీ అంతే. 1908 మూసీ వరద ఇక్కడి వంతెననే ఎత్తుకుపోయింది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ కాలనీల్లో ఎన్ని కార్లు మునిగాయో చూసినవాళ్లకు తెలుసు. తర్వాత వాటికి స్నానం చేయించారు, పాలిష్ పెట్టారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే మాత్రం ఒండ్రు మరక దొరకవచ్చు. అక్కడిదాకా తుడవాలని చాలామందికి తోచదు.

ఇక మూడో జవాబు, కొన్నవాడు బండిని కిరాయికి తిప్పుతున్నాడు కాబట్టి వినియోగదారుడే కాడని. బతుకుతెరువు కోసం తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని చట్టంలోనే రాసి ఉంది.

నోటీసు అందిన 30 రోజుల్లో డీలరు జవాబు దాఖలు చేయాలి. మహా అయితే ఇంకో 15. ఆపైన ఒక్క రోజు కూడా పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కేసు మొత్తం మూడు నెలల్లో, లోపం పరీక్షించాల్సి వస్తే అయిదు నెలల్లో ముగించాలనీ చట్టం అంటుంది. ఆ లెక్క వాయిదాల చెవిన పడినట్టు లేదు.

కొన్నవాడు గెలిచాక, అప్పీలుకు పోవాలంటే డీలరు సగం సొమ్ము కట్టాలి. ఆదేశం పాటించకపోతే జైలు కూడా ఉంది. అయితే జైలుకు పంపాలన్నా, సొమ్ము రాబట్టాలన్నా మనిషి దొరకాలి. ఫిర్యాదులో బోర్డు మీది పేరు ఒక్కటే రాస్తే, తీర్పు వచ్చేసరికి అదే షట్టరు మీద ఇంకో బోర్డు ఉండవచ్చు. యజమాని పేరు, జీఎస్టీ నంబరు, డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఆ వివరం, ఇవన్నీ మొదటి పేజీలోనే ఉండాలి. బయానా నగదుగా ఇచ్చినవాళ్లకు ఆ మూడోది ఉండదు.