వాన పడిందా?

చిన్నప్పటి ఫ్రెండ్ ఊళ్లో వ్యవసాయం, మనం సిటీలో ఉద్యోగం. ఆ స్నేహం నిలుస్తుందా?

అమెరికా రచయిత్రి విల్లా కేథర్ కథ వింటే నిలుస్తుందనే అనిపిస్తుంది. 1883లో, తొమ్మిదేళ్లప్పుడు, ఇంట్లోవాళ్లతో నెబ్రాస్కా గడ్డి మైదానాలకు వచ్చిందామె. అక్కడి రెడ్ క్లౌడ్ ఊళ్లో ఆనీతో దోస్తీ కుదిరింది. ఆనీ బొహీమియా నుంచి వలసొచ్చిన రైతు కూతురు, ఊళ్లో ఓ ఇంట్లో పనిచేసేది. తర్వాత విల్లా న్యూయార్క్ చేరింది. ఆనీ పెళ్లయ్యాక పొలం పనుల్లోనే ఉండిపోయింది. ఆమెనే నాయికగా మలిచి 1918లో ‘మై ఆంటోనియా’ రాసింది విల్లా. అంతటితో ఊరుకోలేదు. 1930ల కష్టకాలంలో ఆ కుటుంబానికి డబ్బు కూడా పంపింది.

మా ఊళ్లో నా ఫ్రెండ్ పత్తి వేస్తాడు. ఫోన్ చేస్తే ‘ఎలా ఉన్నావ్‌రా’ అనను, ‘వాన పడిందా?’ అంటాను. వాడెలా ఉన్నాడో అందులోనే తెలిసిపోతుంది.