తెగిన తీగకు ఎప్పుడూ చీకటే

ఎదురుగా వచ్చే బండికి పట్టపగలు లైట్లు వెలుగుతూ కనిపిస్తే మన వైపు వాళ్ళు ఊరుకోరు. స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి, వేళ్ళు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి సైగ చేస్తారు. "నీ లైట్లు వెలుగుతున్నాయయ్యా, ఆర్పుకో" అని దానర్థం. ఏ పుస్తకంలోనూ లేని ఈ మర్యాద రోడ్డెక్కిన ప్రతివాడికీ తెలుసు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారు సైకిళ్ళకూ స్కూటర్లకూ ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలని నిబంధన వచ్చింది గనుక, వాటి విషయంలో ఈ సైగకు పని తగ్గింది. కార్ల విషయంలో ఇంకా సాగుతూనే ఉన్నది. పోయిన శీతాకాలంలో మా బాబాయి తెనాలి వెళ్ళి వచ్చేలోపల ఇలాంటి సైగలు పాతిక దాకా అందుకునేవాడు.

మాది తెనాలి దగ్గర వ్యవసాయ కుటుంబం. నాన్నా, బాబాయీ కలిసే వరి వేస్తారు. ఆ వరి మీదే రెండు సంసారాలు గడవడం కష్టమై బాబాయి ఒక పాత కారు కొని కిరాయికి తిప్పుతున్నాడు. ఎక్కువగా రైలు బేరాలే. తెల్లవారుజామున స్టేషన్లో దించడం, అర్ధరాత్రి ఎక్కించుకుని రావడం. అంటే ఆ కారు సంపాదనంతా చీకటి వేళల్లోనే. దానికున్న హంగుల్లో బాబాయి గొప్పగా చెప్పుకునేది ఒక్కటే. లైట్ల మీటను 'ఆటో' అన్న గుర్తు దగ్గర పెట్టి వదిలేస్తే చాలు, చీకటి పడగానే లైట్లు వాటంతట అవే వెలుగుతాయి, వెలుతురు రాగానే అవే ఆరిపోతాయి.

ఆ 'ఆటో'కే జబ్బు చేసింది. మిట్ట మధ్యాహ్నం కూడా లైట్లు ఆరేవి కావు. తెనాలిలో చూపిస్తే, "లోపల కంట్రోలు పెట్టె పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. వాళ్ళు చెప్పిన ధర, మేము ఎకరం వరికి పెట్టే ఎరువుల ఖర్చుకు రెట్టింపు పైనే ఉంది. "పంట అమ్మాక చూద్దాంలే" అని బాబాయి వచ్చేశాడు. రోడ్డు మీద సైగలు భరించలేక మీటను ఆఫ్‌లో పెట్టుకుని, చీకటి పడ్డాక చేత్తో వేసుకోవడం మొదలుపెట్టాడు.

అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఏడాదిగా లైట్ల సంగతి కారే చూసుకుంటూ ఉండటంతో ఆయన చెయ్యి ఆ పని మరిచిపోయింది. డిసెంబరులో ఒక రాత్రి స్టేషను దగ్గర బేరం దించి తిరిగి వస్తున్నాడు. ఊళ్ళో వీధి దీపాలు పగలులా ఉన్నాయి. పైగా ఈ కాలపు కార్లలో మీటర్ల పలక, బయట లైట్లు వేసినా వెయ్యకపోయినా వెలుగుతూనే ఉంటుంది. అది వెలుగుతుంటే లైట్లూ వెలుగుతున్నాయనే అనిపిస్తుంది. ఆఖరి వీధి దీపం దాటి మలుపు తిరిగాక గాని చీకటి తెలియలేదు. మలుపు అవతల రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది, అంచున రాళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. ముందు చక్రాలు ఆ రాళ్ళను తన్నుకుని ధాన్యంలో దిగబడి ఆగాయి. చప్పుడుకి గోనెపట్టా మీద నుంచి ఒక మనిషి లేచి కూర్చున్నాడు. ఆయనకూ బంపరుకూ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. వరసకు మాకు పెదనాన్న అవుతాడు. ఆయన కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. "లైట్లేవిరా?" అని మాత్రం అడిగాడట. ఆ రాత్రి బాబాయి అన్నం ముట్టలేదని పిన్ని చెప్పింది.

సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి బాబాయి ఆ పెట్టె కొనడానికి అప్పు చూస్తున్నాడు. "కొనే ముందు ఒక్కసారి చూద్దాం బాబాయ్" అన్నాను. "నీకేం తెలుసురా కార్ల సంగతి?" అన్నాడాయన. నిజమే, నాకు కార్ల సంగతి తెలియదు. అయితే మా నాన్న నీటి సంగతి చెబుతూ ఉంటాడు. "ఒక మడికి నీళ్ళు రాకపోతే ఆ మడి గట్టు చూడు. పొలమంతటికీ రాకపోతే బోదె మొదట్లో చూడు. ఊరంతటికీ రాకపోతే తూము దగ్గరికి పో." కరెంటుకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుందని నాకు కళాశాలకు వచ్చాక తెలిసింది.

కాబట్టి ముందు చెయ్యవలసిన పనికి పైసా ఖర్చు లేదు. మీటను ఆటో నుంచి తీసి చేత్తో ఆన్ చేశాం, వెలిగాయి. ఆఫ్ చేశాం, ఆరాయి. ఈ ఒక్క పరీక్షతో బల్బులు, ఫ్యూజు, రిలే, వాటి తీగలు అన్నీ బాగున్నాయని తేలిపోయింది. లోపం లైట్లను వెలిగించే భాగంలో లేదు. వెలిగించాలా వద్దా అని నిర్ణయించే భాగంలో ఉంది.

చేత్తో వేసినా వెలగకపోతే అప్పుడు రెండో దారి పట్టాలి. ఒక పక్క లైటే వెలగకపోతే ముందు ఆ బల్బునూ దాని తీగనూ చూడాలి. రెండూ ఒకేసారి పోతే ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, రిలే, మీట దగ్గరికి పోవాలి. 55 వాట్ల హాలోజెన్ బల్బు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లకు కొంచెం పైగా కరెంటు తీసుకుంటుంది. దాన్నిబట్టే ఫ్యూజు, తీగ లావు నిర్ణయమై ఉంటాయి. పొలంలో స్టార్టరు ఫ్యూజు పోతే రాగి తీగ ముక్క చుట్టే అలవాటు మన ఊళ్ళలో ఉంది. కారులో ఆ పని చేస్తే ఫ్యూజుకు బదులు లోపలి తీగలు కాలుతాయి. ఇంకో మాట, హాలోజెన్ బల్బు గాజును వట్టి వేళ్ళతో ముట్టుకోకూడదు. వేళ్ళ జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

మా కారుకు రెండో దారి అవసరం పడలేదు. ఇక కారు కన్ను వెతకాలి. అద్దం కింద డాష్‌బోర్డు మీద రేగుపండంత నల్లటి బొడిపె ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో లోపలి అద్దం వెనక, ముందు గాజుకు అంటించి ఉంటుంది. దాని మీద వెలుతురు పడితే పగలు, పడకపోతే రాత్రి. మా కారులో ఆ బొడిపె మీద పిన్ని కుట్టిన ముఖమల్ గుడ్డ, ఆ గుడ్డ మీద ఆంజనేయస్వామి, స్వామి మెడలో బంతిపూల దండ! "దొరికిందిరా దొంగ" అన్నాడు బాబాయి. స్వామిని పక్కకు జరిపి, గుడ్డ తీసి, బొడిపెను తుడిచి, కాసేపు ఆగాం. ఆగడం ముఖ్యం. చెట్టు నీడ కిందకూ వంతెన కిందకూ వెళ్ళినప్పుడల్లా లైట్లు టపటపమనకుండా కొంత ఆలస్యం పెడతారు. వెలగడానికి ఒక గీత, ఆరడానికి అంతకంటే పైన మరో గీత ఉంటాయి. నీళ్ళ టాంకు మోటారు అడుగు గీత దగ్గర మొదలై పై గీత దగ్గర ఆగుతుందే, అలాగన్నమాట. ఐదు నిమిషాలు ఆగినా, ఎండ నేరుగా బొడిపె మీద పడుతున్నా లైట్లు ఆరలేదు. దొంగ ఇంకొకడు ఉన్నాడు.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. 1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రపు తంతి తీగలను పరీక్షించే పనిలో సెలీనియం కడ్డీలు వాడుతూ ఒక వింత ప్రకటించాడు. వెలుతురు పడితే ఆ కడ్డీల నిరోధం తగ్గిపోతున్నది. మన ప్రయోగశాలలో కాంతిని బట్టి మారే నిరోధకంతో చేసే ప్రయోగం దీని మనుమడే. చీకట్లో లక్షల ఓములు చూపేది ఎండలో కొన్ని వందల ఓములకు దిగుతుంది. 1952లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఎదురు బండి వెలుగు చూసి హెడ్‌లైట్లను తగ్గించే 'ఆట్రానిక్ ఐ' తెచ్చారు. 1964 కాడిలాక్ కార్లలో చీకటి పడగానే లైట్లు వేసే 'ట్వైలైట్ సెంటినెల్' వచ్చింది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఫోటోడయోడులు వాడతారు. పరికరం ఏదైనా అసలు సంగతి ఒకటే. వెలుతురు ఎక్కువైతే కరెంటు ఎక్కువ, చీకటైతే కరెంటు దాదాపు సున్న.

అయితే కన్ను నుంచి వచ్చే తీగే తెగిపోతే? అప్పుడూ కరెంటు సున్నే. కంట్రోలు పెట్టెకు చీకటికీ తెగిన తీగకూ తేడా తెలియదు. ఎండ మండిపోతున్నా దాని లెక్కలో అర్ధరాత్రే. ఈ ఆలోచన రాగానే, పెట్టె పోయిందన్న మాట నాకు అనుమానంగా తోచింది.

బాటరీ నెగటివ్ తీగ విప్పి, కొద్ది నిమిషాలు ఆగి, చెక్కిన వెదురు పుల్లతో బొడిపెను మెల్లగా పైకి లేపాం. డాష్‌బోర్డు లోపల పసుపు రంగు తొడుగు తీగలు కనిపిస్తే వాటిని ముట్టుకోకూడదు; అవి ఎయిర్‌బాగువి. బొడిపె అడుగున ప్లగ్గు శుభ్రంగానే ఉంది. నా మల్టీమీటరు ముల్లు ఒకటి ప్లగ్గు వైపూ, ఒకటి పెట్టె వైపూ పెట్టి ఒక్కొక్క తీగే చూశాం. ఒక తీగకు మీటరు కూసింది. రెండో దానికి కూసింది. మూడో దానికి కూయలేదు. దాన్ని పట్టుకుని కిందికి వెళితే, పెడల్స్ వెనక మూల తొడుగు కొరికి ఉంది, రాగి తెగి ఉంది, పక్కనే నాలుగు వడ్ల గింజలు, ఊక ఉన్నాయి. కారును రాత్రిళ్ళు ధాన్యం బస్తాల పక్కనే పెడతాం కదా, ఎలుకకు రెండిళ్ళూ ఒకటే అయ్యాయి.

మా ఊళ్ళో మోటార్లు చుట్టే ఎలక్ట్రీషియన్ వచ్చి తీగను సోల్డరింగ్ చేసి, పైన తొడుగు వేశాడు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. బాటరీ తగిలించి మీటను ఆటోలో పెట్టాం. లైట్లు వెలిగి, కాసేపటికి ఆరిపోయాయి. అరచేత్తో బొడిపెను మూస్తే వెలిగాయి. చెయ్యి తీస్తే, కొద్దిసేపు ఆగి, ఆరాయి. బాబాయి ఆ చెయ్యి పెట్టడం, తియ్యడం పదిసార్లు చేసి ఉంటాడు. అప్పు మాట మళ్ళీ ఎత్తలేదు.

నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని అంతా విని, "అది మంచుని గుర్తుపడుతుందా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. భోగి నాడు తెల్లవారాక బాబాయితో కారులో వెళ్ళి చూశాను. మంచు దట్టంగా ఉంది, ముందు ముప్ఫై గజాలకు మించి కనపడటం లేదు. కానీ మంచంతా తెల్లగా వెలుగుతూ ఉంది. కారు కంటికి అది పగలే. మీట ఆటోలోనే ఉంది, లైట్లు వెలగలేదు. ముందువే కాదు, వెనక ఎర్ర లైట్లూ లేవు. తీగ బాగుంది, పెట్టె బాగుంది, అన్నీ సక్రమంగా పని చేస్తున్నాయి. అయినా వెనక నుంచి వచ్చే లారీకి మేము కనపడం. తన మీద ఎంత వెలుతురు పడుతున్నదో ఆ బొడిపె కొలుస్తుంది, అంతే. మనం ఎదుటివాడికి కనిపిస్తున్నామా, ఎదుటివాడు మనకు కనిపిస్తున్నాడా అన్నది దాని లెక్కలో లేదు. బాబాయి తనంతట తానే మీట తిప్పి డిమ్ లైట్లు వేశాడు. మంచులో బ్రైటు వేస్తే ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి మన కళ్ళలోకే తిరిగి వస్తుంది.

సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మిత్రులకు నా మనవి ఇదే. ఇంట్లో యంత్రం ఏదైనా మొరాయిస్తే, ఖరీదైన పెట్టె మార్చే ముందు ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. మన చదువు రికార్డు పుస్తకాల్లో మార్కులకే కాదు, ఇంటివాళ్ళకు ఒక అప్పు తప్పించడానికీ పనికివస్తుంది. అది బాగుపడిన తరువాత కూడా దానికి ఏది తెలియదో ఇంటివాళ్ళకు చెప్పి రండి. కోతల కాలంలో మన రోడ్ల మీద ధాన్యం ఉంటుంది, ధాన్యం పక్కన నిద్రపోయే మనిషి ఉంటాడు. ఆయన సంగతి ఏ బొడిపెకూ తెలియదు, బండి నడిపేవాడికే తెలియాలి.