ఆలుచిప్పలకు తావు

అనంతపురపు మిట్టసీమలో కాపురముండు మాకు సముద్రముతో పనియేమని మీరడుగవచ్చును. మా సీమలో సాలుకు కురియు వాన సుమారు 22 అంగుళములు మాత్రమే. అదియు నొక్కొక్కయేడు మొగము చాటుచేయును. అట్టి మేము వేసవి సెలవులలో గుంతకల్లున రైలెక్కి, బెజవాడమీదుగా కాకినాడలోనున్న మా పినతల్లి కుమారుని యింటికి పోతిమి. అతడు ఆలుచిప్పల సేద్యము చేయనెంచి తావు వెదకుచుండెను. పెట్టుబడికి మా మరదలు తన చేతి గాజులను కుదువబెట్ట సిద్ధముగానుండెను.

మరునాడు పడవలో అఖాతము చూడబోతిమి. తూర్పున హోప్ ద్వీపమను ఇసుకదిబ్బ పొడవుగా నిలిచి పెద్దయలల నాపుటచే, లోని నీరు చెరువువలె నెమ్మదిగా నుండెను. దక్షిణమున కోరంగి మడయడవుల నడుమనుండి గోదావరి పాయలు వచ్చి అందు కలియుచున్నవి. ఆటువేళ నీరు తీయగా, బీదజనులు బురదలో వంగి చేతులతో గుల్లలేరుచుండిరి.

సేద్యపు విధమును తమ్ముడిట్లు వివరించెను. నీటిలో కొయ్యలు పాతి, పందిరి కట్టి, ఖాళీచిప్పలు గ్రుచ్చిన త్రాళ్లను వ్రేలాడదీయుదురు. నీటిలో తేలు ఆలుచిప్పల పసికూనలు వానికంటుకొని పెరుగును. మేత పెట్టనక్కరలేదు, కంటికి కానరాని నాచును అవియే వడగట్టుకొని తినును. 1970-80 నడుమ తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఈ పద్ధతిని తీర్చిదిద్దిరి. కేరళమున స్త్రీల సంఘములు సైతము ఈ సేద్యము చేయుచున్నవి.

ఇంత సులువైనచో తావు వెదకుటెందులకని మేమడిగితిమి. కిట్టని నీటిని విడిచి చేప పోగలదు. అంటుకొన్న చిప్ప కదలలేదు. కావున మనమెంచిన తావే దాని బ్రతుకు. అలల తాకిడి యుండరాదు, అట్లని నీరు కదలక నిలువరాదు. పోటునకు క్రొత్తనీరు రావలెను. ఆటునకును త్రాళ్లు మునిగియుండు లోతు కావలెను. ఒండ్రు మిక్కిలిగా పేరుకొనరాదు. పడవల దారికి అడ్డముగానుండరాదు. పట్టణపు మురుగు చేరు చోట పెంచిన చిప్ప ఆ మురుగులోని రోగబీజములనుగూడ తనలో నిలుపుకొనును. తిన్నవారికి వ్యాధి కలుగవచ్చును.

తమ్ముడు నదీముఖమునకు చేరువగా నొక చోటు చూపి, నీటి ఉప్పదనము సరిగానున్నదని కొలిచి చెప్పెను. ఎప్పుడు కొలిచితివంటిమి. వైశాఖముననే యనెను.

స్వాతివాన చినుకు చిప్పలో పడిన ముత్యమగునని మనము చిన్ననాట విన్నదే. చినుకుమాట యట్లుండ, వరదమాట వేరు. శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగి అఖాతమున పడినప్పుడు ఉప్పదనము చాల తగ్గును. చిప్ప కొన్నిదినములు నోరు మూసికొని ఓర్చును. వరద తీయనిచో నశించును.

అప్పుడు మా నూతికథ చెప్పితిమి. మంచివానలు కురిసిన యొక కార్తికమున జల కనబడెనని సంతసించి, అప్పుచేసి నుయ్యి త్రవ్వించితిమి. మరుసటి వేసవికే అది యెండెను. అప్పుమాత్రము ఆరేండ్లు నిలిచెను. నూతికి తావును ఎండలు మండునప్పుడు చూడవలెను. చిప్పకు తావును వరద పారునప్పుడు చూడవలెను. కీడు వచ్చు కాలముననే తావు గుణము తెలియును.

తమ్ముడు కొంతసేపు పలుకలేదు. పిదప, ఈ వర్షకాలమంతయు వారమువారము నీరు కొలిచి, దీపావళి తరువాతనే కొయ్య పాతెదననెను. మేము బయలుదేరునాడు మరదలు బొట్టుపెట్టి పసుపుకుంకుమలిచ్చినప్పుడు ఆమె చేతుల గాజులు గలగలలాడెను. ఆ సవ్వడి మాకు మా యూరి తొలకరి చప్పుడువలె హాయిగానుండెను.