పదిహేనేళ్లవాళ్ల అర ఏది?

లైబ్రరీకెళ్తే చిన్నపిల్లలకి బొమ్మల కథలుంటాయి. పెద్దాళ్లకి నవలలు, గ్రూప్స్ వాళ్లకి గైడ్లు సరేసరి. మధ్యలో మీసం మొలుస్తున్న వయసువాళ్లు ఏం చదవాలి? నవోదయ స్కూలున్న మన పెదవేగిలోనైనా ఈ ప్రశ్న రావాలి కదా!

నన్నడిగితే మొదట అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’. చేపల చెరువులు కమ్మేయకముందు కొల్లేరు ఎలా ఉండేదో, అక్కడ పెరిగిన పిల్లాడి కళ్లతో చూపిస్తుంది. ఏలూరు బస్సెక్కే ప్రతి కుర్రాడూ చదవాలి. ఇంగ్లీషులోకీ వెళ్లింది, మన పిల్లల చేతుల్లోకే ఇంకా రాలేదు.

తర్వాత అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’కి సహవాసి గారి తెలుగు ‘ఏడు తరాలు’. కలాం గారి ‘ఒక విజేత ఆత్మకథ’, చినవీరభద్రుడు గారి అనువాదం. పదమూడో పుట్టినరోజుకి వచ్చిన పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ రాసుకున్న డైరీ. కొత్తవి కావాలంటే అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి పెట్టిన పోటీల్లోంచి వచ్చిన నవలలున్నాయి. కాస్త చిన్నవాళ్లకి అవి.

ఇంకోమాట. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. అంటే పుస్తకం అడగడం మొహమాటపడాల్సిన పని కాదు. ఫలానా పుస్తకం తెప్పించండని ఒక కాగితం మీద రాసివ్వండి. పిల్లల చేతే రాయిస్తే ఇంకా మంచిది.

మీ ఇంట్లో టెన్త్, ఇంటర్ పిల్లలు ఈమధ్య సిలబస్ కాకుండా ఏం చదివారో చెప్పండర్రా. జాబితా పెంచుదాం.