మందు ఉండీ అందకపోతే

ఎయిడ్స్ అనగానే మనవాళ్లు గొంతు తగ్గించి, చేసుకున్న పాపం అంటారు. దక్షిణాఫ్రికాలో ఎన్‌కోసీ జాన్సన్ ఏ పాపం చేశాడు? హెచ్.ఐ.వి. తల్లి నుంచి పుట్టుకతోనే వచ్చింది. 1997లో జొహాన్నెస్‌బర్గ్‌లో అతన్ని బడిలో చేర్చుకోవడానికే గొడవైంది. 2000లో, 11 ఏళ్ల వయసులో, డర్బన్ ఎయిడ్స్ సదస్సులో మమ్మల్నీ మనుషులుగా చూడమని అడిగాడు. మరుసటి జూన్‌లో చనిపోయాడు.

మూడు మందుల చికిత్స 1996 నుంచే ఉంది. ఖర్చు మాత్రం ఏడాదికి 10,000 డాలర్ల పైమాట. 2001లో మన సిప్లా కంపెనీ 350 డాలర్లకే ఇస్తామంది. ఈలోగా లక్షల మంది పోయారు.

మలేరియాకు మందుండీ గూడేనికి అందక పోయే ప్రాణాలు మనకు తెలుసు. అందుకే ఇది మన కథ కూడా. ఇప్పుడు ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాల్లో మందులు ఉచితం. పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఇది అంటదు. హెచ్.ఐ.వి. ఉందని బిడ్డను బడికి రానివ్వకపోవడం 2017 చట్టం ప్రకారం తప్పు. ముందు మన తరగతిలో చోటిద్దాం.